దిక్కున్న చెరువుకు దత్తత దేనికి?

పిల్లల్లేని వాళ్ళు బిడ్డను తెచ్చుకుంటే దత్తత అంటాం. అందుకు కన్నవాళ్ళు ఒప్పుకోవాలి, నలుగురి ముందు మాట జరగాలి. సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల ఇప్పుడు చెరువులూ అడవులూ దత్తత పోతున్నయి. అమీన్‌పూర్ చెరువును జిల్లా పోలీసులు దత్తత తీసుకున్నారు. 2016 నవంబరులో ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. 2020 సెప్టెంబరులో ఖాజీపల్లి దగ్గర 1,650 ఎకరాల రిజర్వు అడవిని సినిమా నటుడు ప్రభాస్ రెండు కోట్ల రూపాయలిచ్చి దత్తత తీసుకున్నారు. ఇచ్చేది సర్కారు, తీసుకునేది పలుకుబడి ఉన్నోళ్ళు. మరి ఊరి మాట ఎక్కడ?

మా అభ్యంతరం చెరువు బాగుపడ్డందుకు కాదు. చెత్త ఎత్తడం, మొక్కలు నాటడం మంచి పనులే. పక్షులు తిరిగొస్తే మాకూ సంతోషమే. మేము విమర్శిస్తున్నది 'దత్తత' అనే మాట వెనకున్న ఆలోచనను. దత్తత అన్నామంటే అంతకుముందు ఆ చెరువుకు దిక్కు లేదని చెప్పినట్టే. అది అబద్ధం.

తెలంగాణ చెరువుకు దిక్కు నీరటి. తూము ఎత్తేది, దించేది, ఆయకట్టు చివరి మడి దాకా నీళ్ళు పారించేది, వానాకాలం రాత్రిళ్ళు కట్ట మీద తిరిగి ఎక్కడ బుంగ పడిందో చూసేది అతనే. చాలా ఊళ్ళల్లో నీరటి అంటే మాలో మాదిగో. మత్తడి దుంకితే ఊరందరికీ పండుగ, కట్ట తెగితే తప్పు నీరటిది. ఇంత చేస్తే అతనికి దక్కేది కల్లం కాడ కొన్ని గింజలు, మహా అయితే ఇంత ఇనాం చెక్క. ఊరందరి పొలాలకూ నీళ్ళు పంచిన మనిషి ఊరి బావి ముట్టరాదు!

దీన్ని బంగారు కాలమని మేము పొగడడం లేదు. వెట్టికి 'సంప్రదాయ పర్యావరణ జ్ఞానం' అని పేరు మార్చి మెచ్చుకునే మేధావులున్నారు, వాళ్ళతోనూ మాకు పేచీ ఉంది. మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన వాళ్ళం మేము. వెట్టి పోతేనే మా చేతికి పుస్తకం వచ్చింది. కానీ వెట్టితో పాటు ఆ పని నేర్పిన జ్ఞానమూ, చెరువు మీద చెప్పే మాటా కూడా పోవాల్నా? మేము అడిగేది ఇదే.

'ఎవరి డబ్బయితే ఏంది, చెరువు బాగుపడితే చాలదా' అని కొందరు మిత్రులు అంటుంటారు. చాలదు. దళితులు చెరువు మీద హక్కు అడిగింది ప్రజాధనం పేరు మీదనే. ప్రభుత్వ నిధులతో కట్టి నిర్వహించే నీటి వనరులను అంటరానివాళ్ళూ వాడుకోవచ్చునని 1923లో ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానాన్ని బొంబాయి శాసనమండలి ఆమోదించింది. దాని ప్రకారమే మహాడ్ మున్సిపాలిటీ 1924లో చౌదార్ చెరువును అందరికీ తెరిచింది. అయితే ఆ తెరవడం కాగితం మీదనే మిగిలింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ జనంతో కలిసి నడిచిపోయి ఆ నీళ్ళు తాగితే గాని అది నిజం కాలేదు. రాజ్యాంగం 15(2) అధికరణంలో ఈ సూత్రమే కనపడుతుంది. పూర్తిగా గానీ కొంత గానీ ప్రభుత్వ నిధులతో నిర్వహించే, లేదా ప్రజలందరి కోసం అంకితం చేసిన బావులు, చెరువులు, స్నానఘట్టాల దగ్గర కులం పేరుతో ఎవరినీ ఆపగూడదు. సర్కారు పైసా పడ్డచోట మనం హక్కుతో నిలబడతాం. దాత పైసా పడ్డచోట దండం పెట్టి నిలబడాల్సి వస్తుంది.

అసలు పటాన్‌చెరు ప్రాంతంలో దానం అనే మాటే తప్పు. 1970లలో ఫ్యాక్టరీలు వచ్చినయి. నక్కవాగు పాడైంది, పొలాలు పాడైనయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలని అదే కోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామం కేసులో చెప్పింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2017 అక్టోబరులో అమీన్‌పూర్ దగ్గరి గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలినయి. నష్టపోయింది చేపలు పట్టుకొని బతికేవాళ్ళు.

ఇంకోపక్క 2013 కంపెనీల చట్టం ఉంది. ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, అందులో పర్యావరణమూ ఒక పద్దు. దీనితో బాకీ ఉన్న పరిశ్రమ కూడా దాత వేషం కట్టొచ్చు. వాగు చెడగొట్టినందుకు కట్టాల్సింది పరిహారం. కట్ట మీద బోర్డు పెట్టి ఇచ్చేది దానం. పరిహారానికి లెక్క అడగొచ్చు, దానానికి చప్పట్లే కొట్టాలి.

చట్టం ఊరిని పూర్తిగా మరిచిందని అనలేం. 2002 జీవవైవిధ్య చట్టంలో స్థానిక యాజమాన్య కమిటీ ఉంది, స్థానిక నిధి ఉంది. వారసత్వ స్థలం ప్రకటన వల్ల బతుకుదెరువు దెబ్బతిన్న వాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం పరిహార పథకం తయారుచేయాలని 37వ సెక్షన్ చెబుతోంది. కానీ 2004 నియమాల్లో కమిటీ లెక్క చూడండి. అధ్యక్షుడు కాక ఆరుగురికి మించకుండా సభ్యులు, అందులో షెడ్యూల్డు కులాలు, తెగలు కలిపి 18 శాతానికి తగ్గకూడదు. ఆరుగురిలో 18 శాతమంటే దాదాపు ఒక్కరు. అంటే మాల, మాదిగ, లంబాడీ అందరి తరఫునా ఒక్క కుర్చీ వేస్తే లెక్క సరిపోయిందని అనొచ్చు! 2023లో చట్టాన్ని సవరించారు, 2024లో కొత్త నియమాలు తెచ్చారు. చెరువు మీద బతికేవాళ్ళను అతిథుల్లాగా కూర్చోబెట్టే బుద్ధి మారకుండా నియమాలు మార్చి లాభం లేదు.

ప్రజాధనం వస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా మేము అనడం లేదు. 2015లో మిషన్ కాకతీయ 46,531 చెరువులను లెక్కగట్టి సర్కారు డబ్బుతో పూడిక తీయడం మొదలుపెట్టింది. ఆ మట్టిని రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకోవాలన్నారు. పొలం లేనోడు మట్టిని ఎక్కడికి తోలుకోవాలె? డబ్బు సర్కారుది కావాలి, దాని మీద నిర్ణయం చెరువు మీద బతికే జనానిది కావాలి. ఈ రెండూ కలవాలి.

ఇది కాని పనేమీ కాదు. ఇదే జిల్లాలో జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. పడావు పడ్డ భూములను సాగులోకి తెచ్చారు, ఊళ్ళల్లో విత్తన నిల్వలు పెట్టుకున్నారు. 2008లో మాచనూరులో సొంత రేడియో మొదలుపెట్టారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. స్వచ్ఛంద సంస్థల మీద మనకున్న ప్రశ్నలు మనకున్నయి. అయినా విత్తనం ఎవరి ఇంట్ల ఉంటే నిర్ణయం వాళ్ళ చేతుల ఉంటుందని ఆ స్త్రీలు చూపించారు. చెరువుకైనా అంతే.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. తూము, కట్ట, కాల్వ కాపలా జీతమున్న సర్కారు పని కావాలి. పరిశ్రమల నుంచి రావాల్సింది పరిహారంగా స్థానిక నిధిలో జమ కావాలి, ఆ లెక్క వార్డు సభలో, గ్రామసభలో చదివి వినిపించాలి. కమిటీలో సగం మంది చెరువు మీద బతికే దళితులు, చేపలు పట్టేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, గొర్లకాపరులు ఉండాలి, వాళ్ళల్లో స్త్రీలుండాలి. పోలీసులైనా సినిమా నటులైనా సాయం చేస్తామంటే ఆ కమిటీని అడిగి చేయనీయండి. దీనిమీద కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు తమ ఊరి చెరువు సంగతి ముందర పెట్టుకొని చర్చించాలని కోరుతున్నాం.