ఆ నెగెటివ్‌లు పారేయకండి

దర్శి చుట్టుపక్కల ఇంట్లో పెద్దవాళ్లు పోతే, పెద్దకర్మ లోపు చేయించాల్సిన వాటిలో ఫోటో ఎన్‌లార్జ్ ఒకటి. విడిగా తీయించుకున్న ఫోటో చాలామందికి ఉండేది కాదు. ఏ మేనకోడలి పెళ్లి గ్రూపులోనో వెనక వరసలో నిలబడి ఉంటారు. ఆ పెళ్లికి వచ్చిన స్టూడియో ఆయన దగ్గరికి వెళ్లి ఏ సంవత్సరమో, ఏ మాసమో చెబితే అట్టపెట్టె దించేవాడు. కవర్లు తిరగేసి, నెగెటివ్‌ను అంచులు పట్టుకుని ట్యూబులైటుకు ఎదురుగా పెట్టేవాడు. నెరిసిన జుట్టు నల్లగా, నల్లటి ముఖం తెల్లగా కనిపించే ఆ ముక్కలో మనిషిని పోల్చుకోవడం ఆయనకే చేతనయ్యేది.

డిజిటల్ కెమెరా వచ్చి మంచే చేసింది. 36 ఫోటోల రోలు కడిగించేదాకా తాళి కట్టిన క్షణం పడిందో లేదో తెలియని దడ పోయింది. మిరప కల్లంలో తాలుకాయలు ఏరే అమ్మ చేతిలోనూ ఇవాళ ఫోన్ ఉంది. ఆమె బిడ్డ నవ్వు ఆమే తీసుకుంటోంది. అంతకంటే ఏం కావాలి?

దెబ్బ తిన్నది వృత్తి. మొదటి డిజిటల్ కెమెరాను 1975లో తయారుచేసింది కొడాక్ ఇంజనీరు స్టీవ్ సాసన్. ఆ కొడాకే 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఇక మన ఊరి స్టూడియో ఎంత? ఆధార్‌కు, పాస్‌పోర్టుకు ఫోటో ఆ కేంద్రాల్లోనే తీస్తున్నారు. మిగిలింది పెళ్లిళ్లు, ఆల్బమ్‌లు, డ్రోన్లు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. ఫోటోలు దాచే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. ఒక్కో పెళ్లికి వేలల్లో తీస్తారు, ఆల్బమ్ చేతికిచ్చాక తర్వాతి ముహూర్తానికి కార్డు ఖాళీ చేస్తారు. హార్డ్‌డిస్క్ పాడైతే అంతే సంగతులు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆనాటి హైదరాబాదు ఇవాళ మన కళ్లకు కనిపిస్తోందంటే ఆయన గాజుపలకల నెగెటివ్‌లను భద్రంగా దాచబట్టే.

స్టూడియో మిత్రులారా, కొట్టు మూసేటప్పుడు ఆ పెట్టెలు పాత సామాన్లవాడికి వేయకండి. తెల్లటి లైటు పలక మీద నెగెటివ్ పరిచి, మీ డిజిటల్ కెమెరాతోనే దగ్గరగా తీసి, కంప్యూటర్లో రంగులు తిరగేస్తే చాలు. పుల్లటి వెనిగర్ వాసన వస్తుంటే ఫిల్మ్ చెడిపోతోందని అర్థం. ముందు వాటి పని చూడండి. పాఠకులూ మీ ఇంటి పెళ్లి తీసిన స్టూడియోకు ఒకసారి వెళ్లి అడగండి. ఆ శ్రమకు తగిన డబ్బు కూడా ఇవ్వండి.