ఎటు కదిలింది, ఎప్పుడు మోగింది

పికప్ ట్రక్కు వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కాస్త కదిలిందనుకుందాం. చూస్తున్నవాళ్లు వెంటనే అడిగేది ఎంత కదిలిందని. ముందు తేల్చుకోవాల్సింది ఎటు కదిలిందన్నది. పైకీ కిందికీనా? లోపలికీ బయటికీనా? లేక చక్రం తిరిగే దిశలోనే ముందుకూ వెనక్కూనా? ఈ మూడింటికీ కారణాలు వేరు, మరమ్మతులు వేరు. శబ్దం సంగతీ అంతే. ఎంత గట్టిగా మోగుతోందన్న దానికన్నా ఎప్పుడు మోగుతోంది, ఏం చేస్తే మారుతోంది అన్నదే దారి చూపిస్తుంది. విప్పకముందే లోపం ఎక్కడుందో పట్టుకునే పాత మెకానిక్కుల విద్య చాలావరకు ఈ రెండు ప్రశ్నల చుట్టూ పెరిగిందే.

ఆ విద్య గురించి రాయడానికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కన్నా తగిన ఊరు నాకు తోచదు. ఇప్పుడు టెస్లా కార్లు తయారవుతున్న ఫ్యాక్టరీ ఉన్నచోట 1963 నుంచి 1982 దాకా జనరల్ మోటార్స్ కార్లతోపాటు షెవ్రొలే, జీఎంసీ పికప్‌లు తయారుచేసింది. 1984లో జీఎం, టయోటా కలిసి అక్కడే నుమ్మీ అనే ఉమ్మడి సంస్థను మొదలుపెట్టాయి. 1991 నుంచి టయోటా పికప్‌లు, 1995 నుంచి టకోమాలు ఆ లైను మీద నుంచి దిగాయి. 2010 ఏప్రిల్ 1న నుమ్మీ మూతపడింది, ట్రక్కులు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. టకోమా చాసిస్ నంబరులో పదకొండో అక్షరం జెడ్ అయితే అది ఇక్కడ పుట్టిన బండి. తోటపని చేసేవాళ్లు, ఇళ్లకు రంగులు వేసేవాళ్లు, వారాంతంలో సామాన్లు మోసుకునే మన తెలుగువాళ్లు ఈ పాత బండ్లను వదలరు. రెండు మూడు దశాబ్దాలు బరువులు మోసిన ఇరుసు ఏదో ఒకరోజు గొంతు విప్పుతుంది.

ఒకే ఆవరణలో తయారైన ఈ రెండు జాతుల ట్రక్కుల వెనక ఇరుసులు ఒకటి కావు. అక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు.

విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీలు విప్పే లారీ ఇరుసులో బండి బరువునంతా బయటి గొట్టం, అంటే హౌసింగే మోస్తుంది, లోపలి షాఫ్టుకు చక్రాన్ని తిప్పడమొక్కటే పని. మామూలు పికప్‌లో అలా కాదు. షాఫ్టే తిప్పాలి, షాఫ్టే బరువూ మొయ్యాలి. మరి ఆ షాఫ్టు చక్రంతో సహా బయటికి జారిపోకుండా ఆపేదేమిటి? పాత షెవ్రొలే పికప్‌లలో చాలావాటికి డిఫరెన్షియల్ లోపల, షాఫ్టు చివరి గాడిలో కూర్చునే చిన్న సీ-ఆకారపు క్లిప్పు ఆపుతుంది. ఎద్దుబండి చక్రం ఊడకుండా ఇరుసు కొసన దిగ్గొట్టే చీల లాంటిదే, కాకపోతే ఇది కంటికి కనపడని చోట ఉంటుంది. టయోటాలో ఆ పని చక్రం దగ్గరి బేరింగే చేస్తుంది. షాఫ్టు మీదికి ప్రెస్‌తో ఎక్కించిన ఆ బేరింగ్‌ను రిటెయినర్ పట్టి ఉంచుతుంది, దాని కేసును హౌసింగ్ అంచుకు బోల్టులతో బిగిస్తారు.

అందుకే షెవ్రొలే చక్రం లోపలికీ బయటికీ టక్కుమని కొద్దిగా ఆడిందంటే కంగారుపడక్కర్లేదు. క్లిప్పు ఇరుసుకు ఆ కాస్త సందు కట్టుబడిలోనే ఉంది. అదే కదలిక టకోమాలో చేతికి తెలిసిందంటే బేరింగ్ అయిపోయిందనే లెక్క. దాన్ని అలాగే నడపకూడదు, చక్రాన్ని పట్టి ఉంచుతున్నది ఆ బేరింగే కాబట్టి. ఒక బండి నేర్పిన పాఠాన్ని ఇంకో బండికి అతికిస్తే మంచి బేరింగ్ పారేస్తాం, లేదా చెడిపోయినదాన్ని వదిలేస్తాం.

పైకీ కిందికీ కదలిక ఏ బండిలోనూ మంచిది కాదు. క్లిప్పు ఇరుసులో రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి, అంటే షాఫ్టే బేరింగ్‌లో సగం. షాఫ్టు బయటికి తీశాక ఆ చోట వేలిగోరు అడ్డంగా నడిపి చూడాలి. గోరు తట్టుకుందంటే షాఫ్టు కూడా అరిగింది, దానిమీద కొత్త బేరింగ్ ఎక్కిస్తే ఎన్నాళ్లో నిలవదు.

మూడోది తిరిగే దిశలో ఆట. గేరు మార్చగానే వెనక ఠంగుమనేది దీనివల్లే. ఇది ఒకచోట ఉండదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, జారే స్ప్లైన్లు, క్రౌనూ పినియనూ కలిసేచోటు, స్టార్ పినియన్లు అన్నీ తలా కాస్త కలిపి పోగుచేస్తాయి. బండి కిందికి వెళ్లి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను ఒక చేత్తో అటూ ఇటూ తిప్పుతూ, రెండో చెయ్యి ఒక్కో జాయింటు మీద పెట్టి చూస్తే ఏది ముందు కదిలి ఏది ఆలస్యంగా అందుకుంటుందో వేళ్లకే తెలుస్తుంది. క్రౌన్, పినియన్ పళ్ల మధ్య ఉండాల్సిన సందు ఆ కాలపు టయోటా 8 అంగుళాల డిఫరెన్షియల్‌కు 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్లు. దాన్ని డయల్ గేజే చెప్పాలి. పినియన్ ఫ్లాంజి పట్టుకుని పైకీ కిందికీ ఊపినప్పుడు కదిలిందంటే మాత్రం గేజు అక్కర్లేదు. పినియన్ బేరింగ్ అరిగింది, లేదా నట్టు వదులైంది.

ఇవన్నీ చేసేముందు ముందు చక్రాలకు దిమ్మలు పెట్టితీరాలి. పార్క్‌లో ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. పార్క్ ఆపేది ప్రొపెల్లర్ షాఫ్ట్‌నే. ఒక వెనక చక్రం గాల్లోకి లేచిందంటే అది ఖాళీగా వెనక్కి తిరుగుతూ రెండోదాన్ని దొర్లనిస్తుంది, బండి జాకీ మీద నుంచి జారుతుంది. జాకీ లేపడానికే, కింద దూరాలంటే స్టాండ్లు ఉండాలి.

ఇక శబ్దం. ఈ విద్యలో రుచి అంతా ఇక్కడే ఉంది. గంటకు 60 మైళ్ల వేగంలో 28 అంగుళాల టైరు నిమిషానికి సుమారు 720 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 3.73 అయితే అదే నిమిషంలో పినియన్ 2,690 చుట్లు చుడుతుంది. చక్రం బేరింగ్ చెడితే లోగొంతుతో గుర్రుమంటుందని, పినియన్ బేరింగ్ చెడితే సన్నగా, తక్కువ వేగంలోనే కూత మొదలుపెడుతుందని మేస్త్రీలు చెప్పడం వెనక ఉన్నది ఈ లెక్కే. కాగితం పెన్సిలూ లేకుండా వాళ్ల చెవులు ఆ లెక్క కట్టాయి.

ఫ్రీమాంట్ రోడ్లు ఈ పరీక్షకు చక్కగా కుదురుతాయి. కాంక్రీటు ఫ్రీవే మీద వచ్చిన రొద నున్నటి తారు రోడ్డు ఎక్కగానే తగ్గిందా? అయితే అనుమానం టైర్ల మీద, ముందు వాటిని తడిమి చూడాలి. రోడ్డు మారినా మారకుండా వేగంతోనే పెరిగి వేగంతోనే తగ్గితే, న్యూట్రల్‌లోకి వేసి ఇంజన్ చప్పుడు తగ్గినా అలాగే ఉంటే, అప్పుడు ఇరుసు వైపు రావాలి. 680 ఫ్రీవే మీద సునోల్ ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు క్రౌన్ పళ్ల ఒక వైపు మీద భారం పడుతుంది, అవతల దిగుతూ కాలు తీసినప్పుడు రెండో వైపు మీద. ఎక్కేటప్పుడు ఊళపెట్టి దిగేటప్పుడు ఊరుకుంటే, లేదా దానికి తలకిందులుగా జరిగితే, అది క్రౌన్-పినియన్ గొడవ. కాలు వేసినా తీసినా తేడా లేకుండా గుర్రుమంటుంటే చక్రం బేరింగ్. నైల్స్ కాన్యన్ మలుపుల్లో బండి ఎడమకు తిరిగితే భారం కుడి చక్రం మీదికి వస్తుంది. అప్పుడు పెరిగి, కుడికి తిరిగితే తగ్గే గరగర చాలాసార్లు కుడి బేరింగ్‌దే. సూటిగా పోయేటప్పుడు మౌనంగా ఉండి, ఖాళీ పార్కింగ్ స్థలంలో గుండ్రంగా తిప్పితేనే మోగితే స్టార్ పినియన్లను చూడాలి. నెమ్మదిగా కదిలేటప్పుడు లయతో వచ్చే కిచకిచ తరచు గ్రీజు ఎండిన క్రాసుది.

చెవి మోసపోయేచోటు ఒకటుంది. హౌసింగ్ ఒకే ఇనప గొట్టం కాబట్టి శబ్దం ఈ కొస నుంచి ఆ కొసకు పాకుతుంది, సీట్లో కూర్చున్నవాడికి ఎడమన వినిపించింది కుడిది కావచ్చు. అందుకే వెనక్కి వచ్చాక స్టాండ్ల మీద చక్రాన్ని చేత్తో తిప్పుతూ, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ దగ్గర ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటారు. రెండు వైపులా విని పోల్చాలి. ఇంజన్‌తో తిప్పి ఇలా వినడం నాకు నచ్చదు. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం ఆగితే రెండోది మీటరు చూపే వేగానికి రెట్టింపు తిరుగుతుంది.

ఇరుసు ఆడుతోందని తోచినవన్నీ ఇరుసు లోపాలే కావు. కమాన్ పట్టీల బుష్‌లు అరిగినా, యూ-బోల్టులు వదులైనా, నడిమి బోల్టు విరిగినా హౌసింగంతా పక్కకు జరుగుతుంది, లోపల ఏ బేరింగూ చెడకపోయినా సరే. 2014లో టయోటా 2005 నుంచి 2011 దాకా మోడళ్ల టకోమాలను సుమారు 6,90,000 వెనక్కి పిలిచింది. పట్టీలు విరిగే ప్రమాదం ఉందనే. ఫ్రీమాంట్ చివరి సంవత్సరాల బండ్లు ఆ తరానివే కనుక, కింద దూరినవాళ్లు ముందు పట్టీలను ఒక్కొక్కటిగా చూడడం మేలు.

ఇంత వెతుకులాట ఎందుకు, అనుమానమున్నవన్నీ మార్చేస్తే పోలేదా అనేవాళ్లున్నారు. నాకది ఒప్పదు. డబ్బు సంగతి అటుంచితే, క్రౌన్-పినియన్‌ను అనవసరంగా కదిపితే ఏళ్ల తరబడి ఒకదానికొకటి అలవాటుపడిన పళ్ల పొందిక చెదిరి, లేని కూత కొత్తగా మొదలవుతుంది. పైగా టయోటాలో వెనక మూత విప్పి చూసే వీల్లేదు. షెవ్రొలేలో మూత తీస్తే పళ్లు కనపడతాయి, టయోటాలో షాఫ్టులు రెండూ లాగి డిఫరెన్షియల్ ముద్దను ముందు నుంచి మొత్తంగా బయటికి తీయాలి. అంత పని పెట్టుకునే ముందు డ్రెయిన్ ప్లగ్ విప్పి నూనె చూడటం తేలిక. అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి మడ్డి అంటితే అది వయసు. పలుకులు, రేకులు వస్తే మాత్రం విప్పక తప్పదు.

తప్పు బేరింగ్‌దేనని తేలాక టకోమాలో దాన్ని ఇంట్లో సుత్తితో ఎక్కించే ప్రయత్నం చేయొద్దు. షాఫ్టును మెషిన్ షాపుకు తీసుకెళ్లి ప్రెస్ మీద చేయించాలి, పాత రిటెయినర్‌ను మళ్లీ వాడకూడదు. షాఫ్టు తిరిగి దూర్చేటప్పుడు స్ప్లైన్లు కొత్త సీలు పెదవిని గీరకుండా బరువంతా చేతుల మీదే మొయ్యాలి. సీలు తెగితే గేర్ నూనె డ్రమ్ములోకి దిగి బ్రేకు షూలను తడిపేస్తుంది. పాత సీలు ఎందుకు కారిందో కూడా చూడాలి. హౌసింగ్ పైన వేలెడంత బ్రీదర్ ఒకటుంటుంది, అది మట్టితో పూడుకుపోతే లోపలి వేడిగాలికి దారి లేక నూనెను సీళ్ల గుండానే బయటికి నెడుతుంది. దాన్ని విప్పి కడిగి, గాలి ఆడుతోందని చూసుకున్నాకే చక్రం బిగించాలి.