ముందు రేవులు రాసుకోండి

సోమశిల నుంచి నాగార్జునసాగర్ దాకా కృష్ణ మీద తెడ్డేసుకుంటూ పోవాలి, ఎన్ని రోజులు పడుతుంది అని అడిగే కుర్రకారు ఈ మధ్య ఎక్కువయ్యారు. కోట్‌పల్లి ప్రాజెక్టులో ఆదివారాలు కయాక్ నడిపి, చేయి కుదిరాక, ఇంకా పెద్ద నీళ్లు ఎక్కడున్నాయా అని చూస్తున్నవాళ్లు. మంచి కోరిక. పాలమూరు, నల్లగొండ జిల్లాల దక్షిణపు అంచు చాలావరకు కృష్ణే. అయినా మనలో చాలామందికి ఆ నది వంతెన మీద బస్సు కిటికీలోంచి, లేదా గేట్లు ఎత్తినప్పుడు డ్యాం కట్ట మీద నుంచి చూసినంతే తెలుసు. అందుకే అడిగినవాళ్లను నేను నిరుత్సాహపరచను. వాళ్లు తెచ్చిన కాగితం మాత్రం చూస్తాను. అందులో మొదటి గడి ఎప్పుడూ కిలోమీటర్లదే ఉంటుంది: రోజుకిన్ని, మొత్తం ఇన్ని. ఆ గడి కొట్టేసి ‘ఎక్కడ దిగుతారు?’ అని రాసిస్తాను.

రోడ్డు మీద పోయేవాడికి ఈ ప్రశ్న రాదు. కాళ్లు నొప్పి పుడితే ఏ చింతచెట్టు కిందనైనా కూలబడొచ్చు. నీళ్ల మీద అట్లా కుదరదు. ఒడ్డు కనబడుతున్నా దిగడానికి వీలుండాలి, దిగడానికి అనుమతి ఉండాలి, పైగా నిరుడు దిగిన చోటు ఇయ్యాల నీళ్ల కింద ఉండకూడదు. ఈ మూడూ కలిసిన చోటునే మన జాలర్లు రేవు అంటారు. ప్రయాణమంటే ఒక రేవు నుంచి ఇంకో రేవుకు. మధ్యలో ఎంత దూరమున్నదనేది ఆ తర్వాతి లెక్క.

దూరం సంగతి తొందరగా తేల్చేద్దాం. సాగర్ నుంచి శ్రీశైలానికి నీటి మీద దాదాపు 110 కిలోమీటర్లు. టూరిజం లాంచీకే అయిదారు గంటలు పడుతుంది. సోమశిల నుంచి శ్రీశైలానికి దాదాపు ఏడు గంటలు. సామాను వేసుకున్న కయాక్ నిలకడ నీళ్లలో గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతుంది. గాలి లేవకముందు తెడ్డు వేయడానికి దొరికేది పొద్దున అయిదు గంటలే అనుకుంటే రోజుకు ఇరవై, మహా అయితే పాతిక. కాగితం మీద చూస్తే శ్రీశైలానికి ఎగువన అయిదు రోజులు, దిగువన అయిదు రోజులు. ఈ పది రోజుల లెక్కను ఎవరైనా వేస్తారు. పది రాత్రులు ఎక్కడ పడుకుంటారన్నది వేయరు.

శ్రీశైలం జలాశయం నిండితే 885 అడుగులు. ఎండాకాలానికి 820 అడుగుల లోపుకు జారిపోయిన ఏళ్లూ ఉన్నాయి. అరవై అడుగుల తేడా అంటే కొండల మధ్య గట్టు ఎత్తే మారుతుంది, కానీ కొల్లాపూర్ వైపు చదునుభూమిలో ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది. అక్టోబరులో గడ్డి మీద పడవ లాగి నిలబెట్టిన చోట ఏప్రిల్లో మోకాలి లోతు ఒండ్రు ఉంటుంది. అందులో దిగితే కాలు రాదు, పడవ రాదు. సప్తనదీ సంగమం దగ్గర సంగమేశ్వరం గుడి ఏడాదిలో కొన్ని నెలలే బయటికి కనిపించేది ఈ ఎత్తుపల్లాల వల్లనే. కాబట్టి మ్యాపు ఒక్కటి చాలదు. ఒకే చోటివి రెండు ఉపగ్రహ చిత్రాలు, అక్టోబరుదొకటి, మే నెలదొకటి పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటిలోనూ రాయిగట్టుగా కనిపించే చోటు ఎక్కడుంటే అది నమ్మదగిన రేవు. ఆ పని చేస్తూ కూర్చుంటే పొద్దు ఎట్లా గడిచిందో తెలియదు. నాకైతే ప్రయాణంలో సగం సుఖం అందులోనే ఉంది.

మిగతాది మనుషుల దగ్గర తెలుసుకోవాలి. సోమశిల రేవులో ఒక పెద్దాయన నాకు దారి చెప్పిన తీరు ఇప్పటికీ నా మనసులో అట్లనే ఉన్నది. నీళ్ల వైపు చెయ్యి చాపి, “గీడికెళ్లి నేరుగ పో. పాత ఊరి బొడ్రాయి దాటినంక గడ్డ వస్తది, ఆడ లోతుండదు. దాని పక్కపొంటి బండ్లబాట, దాని మీదికెళ్లి పోతే మొద్దులు తగలవు” అన్నాడు. ఎదురుగా చూస్తే నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆయన బొడ్రాయి, బండ్లబాట అన్నీ 1981లో డ్యాం పూర్తయ్యాక అడుగునపడ్డవి. ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు అట్లా పోయాయి. సోమశిల, జటప్రోలు గుళ్లను రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. ఇళ్లను ఎవరూ తేలేదు. ఆయన పోగొట్టుకున్న ఊరే ఇప్పుడు నాకు దారి చెబుతోంది. నీళ్లు తగ్గినప్పుడు పడవ అడుగును చీల్చేది పాత చెట్ల మొద్దులూ, మొండి గోడలే. అవి ఎక్కడున్నాయో ఆ ఊళ్లో పుట్టినవాళ్లకే తెలుసు. వాళ్ల వయసు ఇప్పుడు అరవై, డెబ్భై. అడగాల్సినవాళ్లు తొందరగా పోయి అడగాలి.

ఇక అడవి. సోమశిల దిగువన అమరగిరి ఊరు దాటాక కొండలు దగ్గరికొస్తాయి. ఎడమ గట్టు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కుడి గట్టు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. 2014 తర్వాత గట్టుకొక రాష్ట్రం, గట్టుకొక అటవీశాఖ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడ కాలు పెట్టడమే నేరం, ఇక డేరా వేసి పొయ్యి వెలిగించే మాట చెప్పనక్కర్లేదు. ఆ నియమం న్యాయమైనదే. రాత్రి నీళ్లు తాగడానికి జంతువు వచ్చే దారికి అడ్డంగా మనం పడుకుంటే, ఆ జంతువు దప్పికతో వెనక్కి పోతుంది. మొసళ్లూ ఉన్నాయి. చలికాలం పొద్దుటి ఎండలో అవి గట్టు మీదికెక్కి పడుకుంటాయి, ఫిబ్రవరి, మార్చి నుంచి ఇసుకలో గుడ్లు పెడతాయి. దిగడానికి వీలుగా, మెత్తగా, చదునుగా మనకు కనిపించిన ఇసుక తిన్నె వాటికీ అంతే వీలుగా ఉంటుంది.

అందువల్ల నా సలహా కొందరికి రుచించదు. నట్టడవి భాగాన్ని తెడ్డుతో దాటాలని పట్టుపట్టకండి. అమరగిరి దాకా మీ చేతులతో పోండి, అక్కడి నుంచి శ్రీశైలానికి లాంచీ ఎక్కండి. టూరిజం శాఖ 2024 నవంబరులో ఇటు సోమశిల నుంచీ అటు సాగర్ నుంచీ లాంచీలు నడిపింది. నీళ్లు చాలినప్పుడే అవి నడుస్తాయి, అమరగిరిలో ఎక్కించుకుంటారో, దారిలో దింపుతారో కూడా ముందే కనుక్కోవాలి. కొండల మధ్య ఆ నిశ్శబ్దం లాంచీలో దొరకదనేది నిజం. ఆ లోటు ఒప్పుకునే ఈ మాట చెబుతున్నాను. రేవు లేని చోట రాత్రి గడపడం నా దృష్టిలో సాహసం కిందికి రాదు, అడవి మీద దౌర్జన్యం కిందికి వస్తుంది. శ్రీశైలంలో దిగాక అక్కమహాదేవి గుహలు చూడాలంటే అక్కడి పాతాళగంగ రేవు నుంచి నీటి మీద పదహారు కిలోమీటర్లు, పడవలు ఉంటాయి.

పాతాళగంగ డ్యాంకు ఎగువన ఉంది. సాగర్ నీళ్లు మొదలయ్యే లింగాలగట్టు డ్యాంకు దిగువన. మధ్యలో ఘాట్ రోడ్డు. పడవను మోసుకుపోవాల్సిన చోటు ఇదొక్కటే, భుజాల మీద అయ్యే పని కాదు, ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. పడవ మోయడమే మామూలైన నీళ్లూ ఉన్నాయి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దులో బౌండరీ వాటర్స్ అని వెయ్యికి పైగా చెరువుల అడవి ఉంది. అక్కడికి పోయొచ్చిన మా మేనల్లుడు తన కాగితం నాకు పంపాడు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పడవ మోసే బాటలు అక్కడ పదుల కొద్దీ. వాటి పొడవును రాడ్‌లలో కొలుస్తారు, రాడ్ అంటే పదహారున్నర అడుగులు, సుమారుగా ఒక పడవ పొడుగు. గుంపుకు తొమ్మిది మందికి మించి వీల్లేదు, రోజుకు ఇన్ని గుంపులేనని అనుమతి చీటీలు. పడుకునే చోట్లు ముందే గుర్తించి, నిప్పు రాజేసుకోవడానికి ఇనుప జాలీలు అమర్చి ఉంటారు. వాడి కాగితంలో మొదటి గడి కిలోమీటర్లది కాదు, పడుకునే చోట్లది. ఈ పద్ధతి వాడు నా దగ్గర నేర్చుకున్నది కాదు, అక్కడి నీళ్లు నేర్పినది.

లింగాలగట్టు దగ్గర ఇంకో జాగ్రత్త. శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రాలు నడవడం మొదలుపెడితే నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి. ఎడమ గట్టున ఈగలపెంట దగ్గరి యంత్రాలు కిందినుంచి పైకి నీళ్లు తోడగలవు కూడా, అవి ఆరు, ఒక్కొక్కటి 150 మెగావాట్లు. అక్కడ ఒడ్డున పడవ కట్టి నిద్రపోకూడదు. అక్కడి నుంచి మళ్లీ రెండు వైపులా అడవే, మళ్లీ లాంచీయే. డిండి వాగు వచ్చి కలిసే వైపు చేరాక నీళ్లు విప్పారతాయి, నల్లగొండ జిల్లా ఊళ్లు కనిపిస్తాయి. తెడ్డు మళ్లీ చేతికి తీసుకోవాల్సింది ఇక్కడ. శివరాత్రికి జనం పడవల మీద పోయే ఏలేశ్వరం గట్టు, నేరెడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ. కోస్తా నుంచి వచ్చి సాగర్ నీళ్ల ఒడ్డున స్థిరపడిన జాలరి కుటుంబాల ఊరది. ఇక్కడ దిగితే వేడి అన్నం, చేపల పులుసు, రాత్రికి చోటు. పుట్టంగండి వైపు మాత్రం పోవద్దు. ఎత్తిపోతల పంపులు అక్కడే నీళ్లు లాక్కుంటాయి, ఆ కాలువ మూతి దగ్గర లాగుడు పైకి కనిపించదు. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు పంపులకూ ఇదే మాట.

కాలం ఎంచుకోవడం సులువే. జూలై చివరి నుంచి అక్టోబరు దాకా ఆల్మట్టి, జూరాల గేట్లు ఎత్తారన్న వార్త ఎప్పుడైనా రావచ్చు. 2009 అక్టోబరులో వచ్చిన వరదకు శ్రీశైలంలో నీరు నిండు మట్టం దాటి పదకొండు అడుగులు పైకి లేచింది. నవంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. రోజులో వేళ ఎంచుకోవడం దానికన్నా ముఖ్యం. వైజాగ్ కాలనీలో వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని మధ్యాహ్నం దాటాక పోవచ్చా అని అడిగితే తలెత్తకుండానే, “పదకొండు దాటితే నీళ్ల మీద ఉండకండి బాబూ, గాలి ఎవరి మాటా వినదు” అన్నారు. జలాశయం మీద గాలికి అడ్డం లేదు. నాలుగైదు కిలోమీటర్ల వెడల్పున అల లేస్తే చిన్న పడవకు అది సముద్రమే.

పుట్టిలో పోతామనేవాళ్లూ ఉంటారు. గద్వాల దగ్గర గుర్రంగడ్డ దీవి జనం ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకున్నారు, కురువపురం పోయే భక్తులూ అందులోనే దాటేది. వెదురు బద్దలతో అల్లి, ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. నడిపేవాడు ముందు అంచున కూర్చుని ముందున్న నీళ్లను తనవైపు లాక్కుంటాడు. తెడ్డు మణికట్టు దగ్గర కొంచెం తిప్పి, నీళ్లలోంచి పూర్తిగా తీయకుండానే మళ్లీ ముందుకు పంపుతాడు. ఆ తిప్పుడు రానివాడి చేతిలో పుట్టి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. గంట సేపు నేర్చుకోవడానికి అంతకన్నా ఆనందం లేదు. రోజుల తరబడి గాలికి ఎదురు పోవడానికి మాత్రం అది పనికిరాదు. అది ఏరు దాటడానికీ, వల వేయడానికీ పుట్టింది.

తిండికి నూడుల్స్ పొట్లాలు కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆరబెట్టిన జొన్నరొట్టె వారమైనా చెడదు. దాని మీద పల్లీల పొడి, మామిడి తొక్కు. పాలమూరు పల్లీ ఉండగా శక్తి కోసం ఇంకేమీ వెతకనక్కర్లేదు. సత్తుపిండి, బెల్లం, కాస్త పెసరపప్పు, బియ్యం. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల మంచినీళ్లు. పొట్లాల చెత్త తగ్గితే రేవుకూ మేలు.

లైఫ్ జాకెట్ గురించి ఒక్క మాట, గట్టిగా. 2007 జనవరిలో కర్నూలు వైపు నుంచి కొల్లాపూర్ వైపు వస్తున్న పడవ ఈ నీళ్లలోనే మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. ఈత వచ్చినా రాకున్నా పడవలో అడుగుపెట్టే ముందు జాకెట్ బిగించుకోవాలి, దిగాకే విప్పాలి. ఉక్కపోస్తుందని ఎండలో విప్పి ఒళ్లో పెట్టుకునేవాడితో నేను ప్రయాణం చేయను. రేవుల జాబితా మూడు ప్రతులు తీయండి. ఒకటి ఇంట్లో, ఒకటి బయల్దేరే రేవులో తెలిసిన జాలరి దగ్గర, ఒకటి దగ్గరి పోలీస్ స్టేషన్‌లో. ఏ రేవుకు ఏ రోజు చేరతారో, చేరకపోతే ఎవరికి ఫోన్ చేయాలో దాని మీద రాసి ఉండాలి.

ఒక సంగతి ప్రభుత్వం చేతిలో ఉంది. సోమశిల నుంచి అమరగిరి దాకా, డిండి మూతి నుంచి సాగర్ దాకా, అడవి బయట ఉన్న ఒడ్డున కొన్ని రేవులు గుర్తించి, నీటిమట్టం రాసే స్తంభం, ఒక మరుగుదొడ్డి, రాత్రి ఉండే చిన్న పాక పెడితే చాలు. కాంక్రీటు రిసార్టులు వద్దు. ఆ పాకలు చూసుకునే పని, పడవ నడిపే పని అక్కడి జాలర్లకూ, నీటిలో ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలకూ ఇవ్వాలి. బొడ్రాయి ఎక్కడుందో తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను లాంచీ ఎక్కించి, ఏ గడ్డ ఎక్కడో, ఏ మొద్దు ఎక్కడో చెప్పించి మ్యాపు గీయించాలి. కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో. ఘాట్లకు డబ్బు ఎట్లాగూ వస్తుంది, అందులోంచే ఈ పని మొదలుపెట్టొచ్చు.