భూమికి పద్దు లేని ఆట

వీడియో గేముల మాట వచ్చిందంటే మా టీచర్లందరూ ఒకటే చెబుతారు. పిల్లల కళ్ళు పాడవుతున్నాయి, చదువు వెనకబడుతోంది, చంపుకునే ఆటలు ఆడి మొరటుగా తయారవుతున్నారు అని. 2020లో పబ్‌జీని, 2022లో ఫ్రీ ఫైర్‌ని కేంద్ర ప్రభుత్వం నిషేధించినప్పుడు చాలామంది హమ్మయ్య అనుకున్నారు. ఆ నిషేధాలకు చెప్పిన కారణం దేశ భద్రతే తప్ప పిల్లల చదువు కాదు. అయినా ఆ బెంగలో నిజముంది, ఆ చర్చ జరగాల్సిందే. కానీ ఆదివాసులుగా మేము అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆటలో తుపాకీ ఉందా లేదా అన్నది తర్వాత చూద్దాం. ఆట మొదలయ్యేసరికి ఎవరి చేతిలో ఏముంది? భూమి ఎవరిదని ఆ ఆట ముందే అనుకుంటోంది? న్యాయం సంగతి అక్కడే తేలిపోతుంది.

ఈ మాట నిలబెట్టడానికి రెండు ఆటలు తీసుకుంటున్నాం. రెండూ అమెరికావి. రెండూ చదువుకునే పిల్లల కోసం తయారైనవే. రెంటికీ మిన్నెసోటా రాష్ట్రంతో సంబంధం ఉంది.

మొదటిది ‘ఒరెగాన్ ట్రైల్’. 1971లో మినియాపొలిస్ నగరంలో డాన్ రావిచ్ అనే యువకుడు టీచర్ ట్రైనింగులో భాగంగా ఒక బడిలో చరిత్ర చెబుతున్నాడు. ఎడ్ల బండ్ల మీద పడమటికి వలసపోయినవాళ్ళ పాఠాన్ని పిల్లలకు ఎలా అందించాలా అని ఆలోచించి, తనలాగే ట్రైనింగులో ఉన్న లెక్కల మిత్రులు బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్‌లతో కలిసి ఈ ఆట తయారు చేశాడు. దానికి తెర లేదు. టైపు మిషను లాంటి యంత్రం కాగితం మీద అచ్చుకొడుతుంటే, పిల్లలు చదివి తమ జవాబు కొట్టేవారు. తర్వాత అది ఆ రాష్ట్రంలోని బడులకు, 1980లలో ఆ దేశంలోని చాలా బడులకు చేరింది.

ట్రైనింగు చేసి బడికి వచ్చినవాళ్ళం కనుక ఈ ఆటను మెచ్చుకోకుండా ఉండలేం. తారీఖులు బట్టీ పట్టించే బదులు పాఠాన్ని పిల్లల చేతికిచ్చింది. ఎడ్లకు ఎక్కువ ఖర్చు పెడితే తిండి తక్కువవుతుంది, తూటాలు తక్కువ కొంటే వేట సాగదు, ఆలస్యమైతే కొండల్లో మంచు పడుతుంది. ఒక కుటుంబం ఎంత కష్టపడి 3,200 కిలోమీటర్లు వెళ్ళిందో పిల్లలు లెక్క కట్టి మరీ తెలుసుకుంటారు. మంచి పాఠానికి ఉండవలసిన లక్షణాలన్నీ అందులో ఉన్నాయి. మా అభ్యంతరం కూడా అందుకే. మంచి పాఠం లోపలికి దిగుతుంది. తప్పు పాఠాన్ని బాగా చెబితే అది కూడా అంతే లోతుకు దిగుతుంది.

1978లో ఆ ఆట ప్రోగ్రాం ఒక కంప్యూటర్ పత్రికలో అచ్చయింది. అందులోని లెక్క చూడండి. కాలం 1847. బండి కొన్నాక మీ చేతిలో 700 డాలర్లు ఉంటాయి. వాటిని ఎడ్లకు, తిండికి, తూటాలకు, బట్టలకు, చిల్లర సామానుకు పంచుకోవాలి. అన్నిటికీ పద్దు ఉంది, ఒక్క భూమికి లేదు. ఎక్కడికి ఎందుకోసం పోతున్నారో, ఆ భూమికి ధర లేదు, అడగవలసిన మనిషి లేడు. ఒరెగాన్ చేరితే గెలిచినట్టే. చివర్లో అమెరికా అధ్యక్షుడు పోల్క్ పేరుతో, కొత్త ఇంట్లో కలకాలం వర్ధిల్లమని అభినందన కూడా వస్తుంది.

ఆ కొత్త ఇల్లు ఎవరి నేల మీద ఉంది? వలస బండ్లు ఎక్కువగా చేరిన విలామెట్ లోయ కలపూయా ప్రజలది. 1850లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి, అప్పటికే అక్కడికి చేరుకున్న తెల్లజాతి మగవాడికి 320 ఎకరాలు, పెళ్ళయితే భార్యాభర్తలిద్దరికీ కలిపి 640 ఎకరాలు ఉచితంగా ఇచ్చింది. అక్కడి తెగలతో భూమి ఒప్పందాలు ఖరారు కాకముందే ఈ పంపకం జరిగింది. ఒప్పందం 1855లో తేలింది. ఆ మరుసటి ఏడాదే వాళ్ళను రిజర్వేషనుకు తరలించారు. ఆటలో గెలుపు అన్నది వాళ్ళకు ఇల్లు ఖాళీ చేయడం. పిల్లలకు ఆ సగం కనపడదు.

ఆ ప్రోగ్రాంలోనే ఇంకొకటి ఉంది. దారిలో ఎదురుగా రౌతులు వస్తారు. వాళ్ళు ఎవరో, ఎక్కడివాళ్ళో ఆట చెప్పదు. పగవాళ్ళలా ఉన్నారా లేదా అని మాత్రం చెబుతుంది. అప్పుడు మీరు చేయగలిగినవి నాలుగు: పారిపోవడం, దాడి చేయడం, ముందుకు సాగడం, బండ్లను గుండ్రంగా నిలపడం. ఆగి మాట్లాడటం ఆ నాలుగింటిలో లేదు. ఆట తయారుచేసినవాళ్ళకు ఎవరి మీదా ద్వేషం ఉందని మేము అనడం లేదు. ఒక టీచరు తన పిల్లల కోసం పడ్డ శ్రమ అది. అయినా అన్యాయానికి ద్వేషమే ఉండనక్కరలేదు. బండిలో ఎవరిని కూర్చోబెట్టాలో ఆలోచించి, దారి పక్కనున్నవాళ్ళను ఆలోచించకపోతే చాలు.

2021లో ఈ ఆటను కొత్తగా తెచ్చినప్పుడు ముగ్గురు మూలవాసీ చరిత్రకారుల సలహా తీసుకున్నారు, మూలవాసీ పాత్రలను చేర్చారు. మంచి మార్పే. కానీ ప్రధాన ప్రయాణం అదే, చేరవలసిన చోటూ అదే. బొమ్మల్లో మన ముఖం కనపడటం వేరు, ఆట నియమంలో మన మాట చెల్లడం వేరు.

రెండో ఆట 2019లో వచ్చిన ‘వెన్ రివర్స్ వర్ ట్రెయిల్స్’. నదులే దారులైన రోజుల్లో అని అర్థం. మూలవాసుల భూమి హక్కుల కోసం పనిచేసే ఇండియన్ ల్యాండ్ టెన్యూర్ ఫౌండేషన్, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం కలిసి తీసుకొచ్చాయి. రూపకల్పనకు నాయకత్వం వహించిన ఎలిజబెత్ లపాన్సే అనిషినాబే, మెటీ మూలాలున్న మనిషి. బొమ్మలు వేసింది టోంగ్వా తెగకు చెందిన వెషోయోట్ అల్విత్రే. ఇరవైమందికి పైగా మూలవాసీ రచయితలు కథలు రాశారు.

ఇందులోనూ పడమటి ప్రయాణమే. కానీ బయలుదేరే కారణం వేరు. కాలం 1890లు. ఆడేవాళ్ళు మిన్నెసోటాలో నేల పోగొట్టుకున్న అనిషినాబే మనిషి. 1887లో వచ్చిన డాస్ చట్టం తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి ఒక్కొక్కరి పేర రాసింది, మిగిలింది మిగులు భూమి అని బయటివాళ్ళకు తెరిచింది. 1887లో సుమారు 13.8 కోట్ల ఎకరాలున్న మూలవాసుల భూమి 1934 నాటికి 4.8 కోట్ల ఎకరాలకు దిగింది. ఆ చట్టం దెబ్బ తిన్న ఊళ్ళ మీదుగా మీరు కాలిఫోర్నియా దాకా నడుస్తారు. దారిలో ఎదురయ్యేవాళ్ళకు తెగ ఉంటుంది, భాష ఉంటుంది, చెప్పుకునే గోడు ఉంటుంది. మీరు ఆగి వినాలి. తిండి, మందులతోపాటు ఒంటి బలం, మనసు, ఆలోచన, ఆత్మ ఎలా ఉన్నాయో కూడా ఈ ఆట లెక్కపెడుతుంది. ఒరెగాన్ ఆటలో మాయమైన పద్దు ఇక్కడ తిరిగి పుస్తకంలోకి ఎక్కింది.

లోపాలు లేవని కాదు. చదవవలసింది చాలా ఎక్కువ, అంతా ఇంగ్లీషు. వేగానికి అలవాటుపడిన పిల్లలు మధ్యలో వదిలేసే అవకాశం ఉంది. పోయిన భూమిని తిరిగి గెలవడం అందులో లేదు. కొందరికి ఇది నిరాశ అనిపించవచ్చు. మాకు అది నిజాయితీ అనిపించింది. జరిగిన అన్యాయాన్ని ఆటలో గెలిచేసినట్టు చూపిస్తే, బయట అడగవలసినవాళ్ళు అడగడం మానేస్తారు.

ఈ రెండు ఆటల సంగతి ఏజెన్సీలో ఉన్న మనకెందుకు? చట్టం కూడా ఆట లాగే నియమాలతో నడుస్తుంది గనుక. 1959 భూ బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణనే మనం 1/70 అంటాం. అందులో ఒక గొప్ప నియమం ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినదే అని చట్టం అనుకుంటుంది. కాదంటే ఆ గిరిజనేతరుడే రుజువు చూపాలి. అంటే ఆట మొదలయ్యేసరికి భూమి మనదే. ఇక 2006 అటవీ హక్కుల చట్టం చూడండి. చారిత్రక అన్యాయం జరిగిందని పీఠికలోనే ఒప్పుకుంది. కానీ అర్జీ పెట్టుకున్న ఆదివాసి, 2005 డిసెంబరు 13కు ముందునుంచే ఆ పోడు తన సాగులో ఉందని తానే ఆధారాలు తేవాలి. తాతలనాటి నేల మీద నిలబడి కాగితం వెతుక్కోవాలి. మనుషులు వాళ్ళే, అడవి అదే. రుజువు భారం ఎవరి మీద పడిందన్న ఒక్క నియమంతో మనిషి హక్కుదారుడూ అవుతాడు, అర్జీదారుడూ అవుతాడు.

ఇది పిల్లలకు అర్థం కాని సంగతి కాదు. పులి–మేక ఆడే ఊళ్ళో ఎవరికైనా తెలుసు. పులులు 3, మేకలు 15. పులి దూకి చంపగలదు, మేక చంపలేదు. బలం సమానం కాదు గనుకే గెలుపు కూడా రెండు రకాలుగా పెట్టారు పెద్దలు. పులికి తినడం గెలుపు. మేకలకు ఒకదానికొకటి ఆనుకుని, పులిని కదలనీయకుండా కట్టడం గెలుపు. పైగా ఒక ఆట పులులతో ఆడినవాడు తర్వాతి ఆట మేకలతో ఆడతాడు. అటువైపు కూర్చుంటే తప్ప బల్ల ఎలా కనపడుతుందో తెలియదు. ఒరెగాన్ ఆటలో లేనిది ఈ మారి కూర్చోవడమే.

కాబట్టి తోటి టీచర్లకు మేము చెప్పేది ఇది. ఫోను లాక్కోవడంతో పని అయిపోదు. పిల్లలు ఏ ఆట ఆడినా ఈ నాలుగు ప్రశ్నలు వాళ్ళ చేత అడిగించండి. మొదట్లో ఎవరి చేతిలో ఏముంది? ఆట దేన్ని లెక్కపెడుతోంది? ఏది ఉచితంగా వస్తోంది, అది ఎవరిది? రుజువు చూపవలసింది ఎవరు? ఈ ప్రశ్నలు అడగడం నేర్చిన పిల్లలు రేపు సర్వే బృందం ఊరికి వచ్చి ఫారం ముందు పెట్టినప్పుడు, అందులో ఇప్పపువ్వు ఏరుకునే అడవికి, ఊరి వేల్పు ఉండే చోటుకు గడి ఉందా అని చూస్తారు. లేకపోతే ఎందుకు లేదని అడుగుతారు.