'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' వీడియో గేమ్ ముగింపు: నిర్వహణసంధి దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

2015లో ఐదు భాగాలుగా వెలువడిన 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' కథాప్రధానమైన వీడియో గేములలో విశేషాదరణ పొందినది. అయితే దాని ముగింపు ఆ ఆటను ప్రేమించినవారినే ఎక్కువగా నిరాశపరిచింది. ఆ నిరాశకు మూలం విషాదాంతం కాదనీ, ఆటగాడు నాటిన బీజాలను నిర్వహణసంధి స్వీకరించకపోవడమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, నిర్వహణసంధి, బీజం, కర్తృత్వం, ముగింపు, కరుణరసం.

1. ప్రవేశిక

నవల చివరి పుటలు నచ్చకపోతే పాఠకుడు రచయితను తప్పుపడతాడు. నాటకం చివరి అంకం తేలిపోతే ప్రేక్షకుడు నాటకకర్తను అంటాడు. కథాప్రధానమైన వీడియో గేమ్ విషయంలో ఈ లెక్క ఇంత సూటిగా తేలదు. అక్కడ కథ నడవడానికి ఆటగాడి చేయి కూడా కావాలి. పాత్ర ఏం మాట్లాడాలో, ఎవరిని నమ్మాలో, ఎవరి పక్షాన నిలవాలో కొంతవరకు అతడే నిర్ణయిస్తాడు. కనుక ముగింపు వికటించినప్పుడు అతనికి కలిగేది శ్రోత పడే నిరాశ మాత్రమే కాదు, కథలో పాలుపంచుకున్నవాడి ఫిర్యాదు కూడా. అలంకారశాస్త్రంలో మనకున్న పరికరాలు ఈ కొత్త ప్రక్రియకు ఎంతవరకు పనికివస్తాయో చూడడం కూడా ఈ వ్యాసానికి ఒక ఉద్దేశం.

'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్'ను ఫ్రాన్స్‌కు చెందిన డోంట్‌నాడ్ సంస్థ రూపొందించగా, స్క్వేర్ ఎనిక్స్ ప్రచురించింది. రౌల్ బార్బే, మిషెల్ కోక్ దర్శకులు. మొదటి భాగం 2015 జనవరి 30న, ఐదో భాగం అదే ఏడాది అక్టోబరు 20న వెలువడ్డాయి. భాగానికీ భాగానికీ మధ్య రెండు మూడు నెలల నిరీక్షణ. వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివిన తెలుగు పాఠకులకు ఈ నిరీక్షణ ఎలాంటిదో చెప్పనక్కరలేదు. ఆ విరామంలోనే పాత్రలపై మమకారం పెరుగుతుంది, ముగింపుపై ఆశలూ పెరుగుతాయి.

కథ 2013 అక్టోబరులో, అమెరికాలోని ఆరెగాన్ తీరంలో ఆర్కేడియా బే అనే కల్పిత పట్టణంలో జరుగుతుంది. బ్లాక్‌వెల్ అకాడమీలో ఫొటోగ్రఫీ చదువుతున్న మ్యాక్స్ కాల్‌ఫీల్డ్‌కు పద్దెనిమిదేళ్లు. ఒకనాడు బాత్‌రూమ్‌లో నేథన్ ప్రెస్కాట్ అనే విద్యార్థి ఒక యువతిని తుపాకితో కాల్చడం ఆమె చూస్తుంది. ఆ క్షణంలోనే తనకు కాలాన్ని వెనక్కి తిప్పగల శక్తి ఉన్నదని తెలుసుకుని ఆ యువతిని కాపాడుతుంది. ఆ యువతి తన చిన్ననాటి స్నేహితురాలు క్లోయీ ప్రైస్ అని తర్వాత గుర్తిస్తుంది. కనిపించకుండా పోయిన రేచల్ ఆంబర్ కోసం ఇద్దరూ వెదకడం ప్రధాన కథ. పట్టణాన్ని మింగబోయే పెనుతుఫాను మ్యాక్స్‌కు మొదటినుంచీ దర్శనమిస్తూ ఉంటుంది.

2. బీజం, కర్తృత్వం

భరతుడు చెప్పిన ఐదు సంధులలో చివరిది నిర్వహణం. ముఖసంధిలో నాటిన బీజం ప్రతిముఖ, గర్భ, విమర్శ సంధులలో పెరిగి, చెదరి, అడ్డంకులను ఎదుర్కొంటుంది. ఇలా పలుచోట్ల విస్తరించిన అర్థాలన్నిటినీ ఒక ప్రయోజనం దగ్గరకు చేర్చేది నిర్వహణం. ఇందులో గమనించదగినది 'చేర్చడం' అనే క్రియ. ముగింపు సుఖాంతమా దుఃఖాంతమా అన్నది దాని తర్వాతి ప్రశ్న. భాసుని 'ఊరుభంగం' దుర్యోధనుని మరణంతో ముగుస్తుంది. అయినా అక్కడ నిర్వహణం లోపించలేదు. ఆ మరణానికి ముందు జరిగినదంతా ఆ మరణంలోకి వచ్చి చేరుతుంది.

నాటకంలో బీజాన్ని కవి ఒక్కడే నాటుతాడు. ఈ రకం ఆటలో కొన్ని బీజాలు ఆటగాడి చేతిమీదుగా పడతాయి. జానెట్ మర్రే 1997లో ప్రచురించిన 'హ్యామ్లెట్ ఆన్ ది హోలోడెక్' అనే గ్రంథంలో, కంప్యూటర్ ఆధారిత కథ ఇచ్చే ప్రత్యేకానందం అర్థవంతమైన పని చేసి దాని ఫలితాన్ని కళ్లారా చూడడంలో ఉన్నదని వివరించింది. దీనిని మనం కర్తృత్వం అనవచ్చు. పాణినీయంలో కర్తకు స్వతంత్రతే లక్షణం. ఆటగాడి స్వతంత్రత పరిమితమే, రూపకర్తలు తెరిచిన దారులలోనే అతడు నడవగలడు. అయినా ఏ దారిలో నడిచాడన్నది కథ గుర్తుంచుకుంటుందన్న నమ్మకమే అతనిని కర్తగా నిలబెడుతుంది. 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' ఈ నమ్మకాన్ని మాటిమాటికీ కలిగిస్తుంది. ముఖ్యమైన నిర్ణయం తీసుకోగానే తెర మూలన ఒక సీతాకోకచిలుక గుర్తు రెక్కలాడిస్తుంది. ఆ పనికి పర్యవసానం ఉంటుందని దాని అర్థం. ఆట చేసే వాగ్దానం అది.

3. కేట్ మార్ష్ ఘట్టం

ఆ వాగ్దానం నిజంగా నెరవేరిన ఘట్టం రెండో భాగం చివర ఉన్నది. ఈ ఆట పొందిన ఆదరణలో సగం ఈ ఒక్క ఘట్టానిదే అనడం అతిశయోక్తి కాదు.

కేట్ మార్ష్ దైవభక్తి గల సహవిద్యార్థిని. ఒక పార్టీలో ఆమెకు మత్తుమందు ఇచ్చారు. ఆ స్థితిలో తీసిన వీడియో కళాశాల అంతటా పాకింది. అవమానం భరించలేక ఆమె హాస్టల్ పైకప్పు అంచున నిలబడుతుంది. మ్యాక్స్ కాలాన్ని స్తంభింపజేసి పైకి చేరుకుంటుంది. కానీ అక్కడ ఆమె శక్తి ఉడిగిపోతుంది. అంతవరకు పొరపాటు మాట అన్న ప్రతిసారీ కాలాన్ని వెనక్కి తిప్పుకున్న ఆటగాడికి ఇక ఆ అవకాశం లేదు. ఇప్పుడు అన్న మాట అన్నట్టే ఉండిపోతుంది.

ఆమెను ఒప్పించడానికి ఆటగాడి దగ్గర ఉన్నవి అంతకుముందు చేసిన చిన్న పనులే. సెక్యూరిటీ అధికారి డేవిడ్ ఆమెను నిలదీస్తున్నప్పుడు అడ్డువెళ్లాడా, దూరంగా నిలబడి ఫొటో తీశాడా? హోటల్లో క్లోయీతో ఉన్నప్పుడు వచ్చిన కేట్ ఫోన్‌ను అందుకున్నాడా? అద్దంమీద రాసి ఉన్న ఆ వీడియో చిరునామాను చెరిపేశాడా? ఆమె గదిలోకి వెళ్లినప్పుడు కుటుంబం గురించి, విశ్వాసం గురించి అక్కడ కనిపించినవాటిని పట్టించుకున్నాడా? చేసినప్పుడు అల్పంగా తోచిన పనులన్నీ ఇప్పుడు ఒక ప్రాణం బరువును మోస్తాయి. చెదరిన అర్థాలు ఒకచోట చేరడమంటే ఇదే. ఒక భాగం పరిధిలో ఇది సర్వలక్షణసంపన్నమైన నిర్వహణం. కేట్ మరణిస్తే తర్వాతి భాగాలలో ఆ శోకం కళాశాలను వెన్నాడుతుంది. బతికితే నాలుగో భాగంలో మ్యాక్స్ ఆసుపత్రికి వెళ్లి ఆమెను పలకరించవచ్చు.

4. విలియం మరణం: విమర్శసంధి

మూడో భాగం చివర మ్యాక్స్ ఒక పాత ఫొటో ద్వారా 2008లోకి వెళ్లి, క్లోయీ తండ్రి విలియం కారు ప్రమాదంలో మరణించకుండా ఆపుతుంది. తిరిగి వర్తమానంలోకి వచ్చేసరికి విలియం బతికే ఉంటాడు, క్లోయీ మాత్రం మెడనుంచి కిందికి చచ్చుబడిన శరీరంతో చక్రాల కుర్చీలో ఉంటుంది. నాలుగో భాగంలో ఆమె తనకు మరణాన్ని ప్రసాదించమని మ్యాక్స్‌ను వేడుకుంటుంది. ఆటగాడు ఒప్పుకున్నా నిరాకరించినా మ్యాక్స్ మళ్లీ గతంలోకి వెళ్లి విలియం మరణాన్ని జరగనిస్తుంది.

ఇక్కడ కూడా ఆటగాడి నిర్ణయం చెరిగిపోతున్నది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అయితే చెరిగినది సంఘటన మాత్రమే. దాని భారం మ్యాక్స్ మనసులోనూ ఆటగాడి మనసులోనూ నిలిచి ఉంటుంది. అన్నిటినీ సరిదిద్దడం తనకు సాధ్యం కాదనీ, ప్రతి రక్షణకూ ఒక మూల్యం ఉన్నదనీ ఆమె ఇక్కడే తెలుసుకుంటుంది. ఫలం అందినట్టే అంది చేజారే విమర్శసంధికి ఇంతకంటె తగిన ఘట్టం దొరకదు.

5. రెండు ముగింపులు

ఐదో భాగం చివర, దీపస్తంభం దగ్గర, తుఫాను పట్టణాన్ని సమీపిస్తుండగా క్లోయీ ఒక ఫొటోను మ్యాక్స్‌కు ఇస్తుంది. మొదటిరోజు బాత్‌రూమ్‌లో మ్యాక్స్ తీసిన నీలి సీతాకోకచిలుక ఫొటో అది. దాని ద్వారా వెనక్కి వెళ్లి క్లోయీని చనిపోనిస్తే పట్టణం బతుకుతుంది. ఫొటోను చించివేస్తే క్లోయీ బతుకుతుంది, పట్టణం నాశనమవుతుంది. ఐదు భాగాలలో ఆటగాడు ఏం చేసినా, ఎలా నడిచినా ఈ రెండే దారులు.

దారులు రెండే కావడం దోషం కాదు. ఒకే దారి ఉన్నా కథ గొప్పగా ముగియవచ్చు. దోషం ఆ దారులు వెనకటి కథతో పెట్టుకున్న సంబంధంలో ఉన్నది. క్లోయీని వదులుకుంటే ఆ వారమంతా జరగనిదైపోతుంది. నేథన్, అసలు దోషి జెఫర్సన్ పట్టుబడతారు, క్లోయీ అంత్యక్రియలు జరుగుతాయి. ఆ అంత్యక్రియలలో కేట్ నిలబడి ఉంటుంది. పైకప్పుమీద ఆమెను కాపాడగలిగిన ఆటగాడికీ ఆమె కనిపిస్తుంది, కాపాడలేకపోయిన ఆటగాడికీ కనిపిస్తుంది. ఆ పైకప్పు ఘట్టమే జరగలేదు కనుక ఇద్దరికీ తేడా లేదు. కాలం వెనక్కి తిరగనిచోట పడిన మాటను సైతం ముగింపు తిప్పివేసింది. ఆట తనకు తాను విధించుకున్న ఏకైక గంభీరనియమం ఇక్కడ ఉల్లంఘితమైంది.

రెండో దారిలో లోపం దీనికి విలోమంగా ఉంటుంది. అక్కడ ఆటగాడి పనులు చెరగవు, వాటి పర్యవసానాలే కనిపించవు. మ్యాక్స్, క్లోయీ శిథిలమైన పట్టణం మధ్యనుంచి మౌనంగా ట్రక్కులో వెళ్లిపోతారు. క్లోయీ తల్లి జాయిస్ ఏమైంది, వారెన్ ఏమయ్యాడు, ఎవరు మిగిలారు అన్న ప్రశ్నలకు ఆట సమాధానం చెప్పదు. అలిస్సా అనే సహవిద్యార్థినిని భాగం తర్వాత భాగంలో ఏదో ఒక చిన్న ప్రమాదంనుంచి తప్పిస్తూ వచ్చిన ఆటగాడు, తుఫాను మధ్య వీధిలో చివరిసారిగా ఆమెను కాపాడుతాడు. కథాక్రమంలో కొద్దిసేపటికే ఆ వీధిని తుఫానుకు అప్పగించాలా అన్న ప్రశ్న వస్తుంది. అంత ఓపికగా పెంచిన బీజానికి ఒక్క దృశ్యమైనా దక్కలేదు.

ఈ ముగింపు మొదటిదానికంటె స్పష్టంగా పొట్టిది. మొదటిదానికి వీడ్కోలు, అంత్యక్రియలు, శవపేటికపై వాలే సీతాకోకచిలుక ఉన్నాయి. రూపకర్తల మొగ్గు ఎటువైపు ఉన్నదో నిడివే చెబుతున్నది. ఇద్దరు యువతుల అనురాగకథగా దీనిని చదివినవారికి, ఒకరి మరణానికే అంత అలంకరణ జరగడం ప్రత్యేకంగా బాధ కలిగించింది. ఆ బాధను అభిమానుల చాదస్తంగా కొట్టివేయడం న్యాయం కాదు.

తుఫానుకూ మ్యాక్స్ శక్తికీ ఉన్న కార్యకారణసంబంధం కూడా బలహీనమే. కాలంతో ఆడుకోవడంవల్లే తుఫాను వచ్చిందని పాత్రలు నమ్ముతాయి. కానీ మ్యాక్స్‌కు తుఫాను దర్శనం కలిగినది ఆమె మొదటిసారి కాలాన్ని తిప్పడానికి ముందే. భవిష్యద్దర్శనమని సర్దిచెప్పుకోవచ్చు. ఇంత పెద్ద బలిని అడిగే ముగింపు అలాంటి సర్దుబాటుమీద నిలబడకూడదు.

6. ఒక సమర్థన, దాని పరిమితి

ఈ ముగింపును సమర్థించేవారి వాదం తేలికైనది కాదు. మరణాన్ని అంగీకరించడమే మ్యాక్స్ నేర్వవలసిన పాఠమనీ, ఏమీ చేయకుండా ఉండడమే ఆమె చేయగల అత్యంత కఠినమైన పని అనీ వారంటారు. పనులన్నీ చెరిగిపోవడమే ఆ పాఠానికి రూపమని కూడా అనవచ్చు. క్లోయీ విషయంలో ఈ వాదానికి బలం ఉన్నది. లోకమంతా తనను వదిలిపోయిందని కోపంతో రగిలిన యువతి, చివరికి తల్లి కోసం, పట్టణం కోసం తన ప్రాణాన్ని తానే ముందుకు చాస్తుంది. ఆ మార్పు వారమంతా జరిగినదానివల్లే సాధ్యమైంది. ఆటలో నిజమైన ఫలాగమం ఏదైనా ఉంటే అది దీపస్తంభం దగ్గర ఆమె పలికిన మాటలలోనే ఉన్నది.

అయితే ఆ పాఠాన్ని విలియం ఘట్టం ముందే చెప్పింది, ఇంతకంటె నిశితంగా చెప్పింది. అక్కడ మూల్యం చక్రాల కుర్చీలో ఎదురుగా కూర్చుని మాట్లాడింది. ముగింపు అదే మాటను మళ్లీ పెద్ద గొంతుతో చెబుతుంది. పైగా మార్పు చెందిన ఆ క్లోయీ బాత్‌రూమ్‌లో మరణించే క్లోయీ కాదు. ఆ త్యాగం సంగతే తెలియని, ఇంకా కోపంతో ఉన్న మరో క్లోయీ అక్కడ ఒంటరిగా చనిపోతుంది. ఈ వైషమ్యంలో అపారమైన కరుణ ఉన్నది. ఆట దానిని గుర్తించి ఉంటే ముగింపు స్థాయి మారిపోయేది. గుర్తించిన జాడ మాత్రం కనిపించదు.

7. తర్వాతి కథ ఇచ్చిన సమాధానం

శాఖలు పెరిగేకొద్దీ దృశ్యాలు, సంభాషణలు, వ్యయం పెరుగుతాయి. అన్ని నిర్ణయాలకూ వేరువేరు ముగింపులు కోరడం అవివేకం. 2012 మార్చిలో వచ్చిన 'మాస్ ఎఫెక్ట్ 3' ముగింపుపై ఇలాంటి నిరసనే వెల్లువెత్తినప్పుడు, బయోవేర్ సంస్థ ఆ జూన్‌లో విస్తృతరూపాన్ని ఉచితంగా అందించింది. దానివల్ల వివరణ పెరిగింది, ముగింపు స్వభావం మారలేదు. కావలసినది అదనపు దృశ్యాలు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కావలసినదేమిటో డోంట్‌నాడ్ సంస్థే 2018, 2019 సంవత్సరాలలో వెలువరించిన 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ 2'లో చూపింది. తండ్రిని పోలీసు కాల్పుల్లో కోల్పోయి మెక్సికోకు బయలుదేరిన షాన్, డేనియల్ అన్నదమ్ములు. వస్తువులను తాకకుండానే కదిలించే శక్తి తొమ్మిదేళ్ల తమ్ముడిది. ఆటగాడు నడిపేది పదహారేళ్ల అన్నను. సరిహద్దు దగ్గర లొంగిపోవడమా, దాటడమా అన్నది షాన్ నిర్ణయం. కానీ ఆ నిర్ణయాన్ని డేనియల్ అనుసరిస్తాడా లేదా అన్నది దారి పొడుగునా అన్న అతనికి నేర్పిన నడవడినిబట్టి ఉంటుంది. దొంగతనం, అబద్ధం, దయ, తెగువ - ఏది నేర్పితే అది ఆ చివరి క్షణంలో డేనియల్ రూపంలో ఎదురు నిలుస్తుంది. అన్న దాటాలనుకున్నా, మంచి నడవడి నేర్చిన తమ్ముడు కారులోనుంచి దూకి వెనకే నిలిచిపోవచ్చు. లొంగిపోదామన్నా వినక, తమ్ముడు శక్తితో దారి చీల్చగా షాన్ ప్రాణం పోవచ్చు. ప్రధానంగా నాలుగే ముగింపులు. అవి కూడా చాలావరకు దుఃఖాంతాలే. అయినా తన చేతులతో పెంచిన బీజం తన మాటనే కాదని ఫలించడం చూసిన ఆటగాడు, కథ తనను మరిచిందని అనలేడు.