చెయ్యి పట్టి నడిపే పనితనం

రామతీర్థం కొండల మీద బౌద్ధ విహారాల పునాదులున్నాయి, జైన విగ్రహాలున్నాయి. గురువులూ శిష్యులూ ఒకే చూరు కింద ఉండి చదువుకున్న నేల అది. ఆ ఊరి మండల కేంద్రం నెల్లిమర్లలో ఇప్పుడు మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. విజయనగరంలో 2023 సెప్టెంబరు 15న 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఉత్తరాన శ్రీకాకుళంలో రిమ్స్‌గా అందరికీ తెలిసిన కళాశాల, దక్షిణాన విశాఖలో 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల. ఈ నాలుగు చోట్లా ఏటా వందలమంది పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు తెల్లకోటు తొడుక్కుంటారు. మొదటి ఏడాది వాళ్లను నిలబెట్టే పని గురించే ఈ వ్యాసం. ఆ పనిని మనం ధైర్యం చెప్పడం అనో, ఆదరించడం అనో చెప్పుకుంటాం. దగ్గరగా చూస్తే అందులో గొప్ప పనితనం కనిపిస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, దేని తరవాత ఏది చెప్పాలి, ఎప్పుడు చెయ్యి వదలాలి అని తెలిసినవాళ్ల పనితనం అది.

ముందుగా, విద్యార్థి ఎలా వస్తాడో చూడాలి. మూడు గంటల్లో 180 ప్రశ్నలకు జవాబు గుర్తుపెట్టే నీట్ పరీక్ష కోసం రెండు మూడేళ్లు సాధన చేసి వస్తాడు. నాలుగు జవాబుల్లో సరైనది ఏరడం అతనికి వచ్చు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది అడిగేది వేరు. బొమ్మ గియ్యమంటుంది, ఎముక చేతికిచ్చి మాట్లాడమంటుంది, వైవాలో ఎదురుగా కూర్చున్న పరీక్షకుడికి కారణం చెప్పమంటుంది. నీట్ తెలుగులో రాసే వీలుంది. ఇక్కడ అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ ఇంగ్లీషులోనే. ఇంటర్లో అందరికన్నా ముందున్న పిల్ల మొదటి ఇంటర్నల్స్‌లో తప్పిందంటే ఆమె తెలివికి వచ్చిన లోటేమీ లేదు. ఆమెకు నేర్పిన పని ఒకటి, ఇక్కడ చెయ్యవలసిన పని ఇంకొకటి. ఈ తేడాను మొదటి వారంలోనే గుర్తించడం మంచి ట్యూటర్ మొదటి నేర్పు.

ఆ గుర్తింపు పాఠ్యప్రణాళికలోకీ వచ్చింది. 2019లో సామర్థ్యాల ఆధారిత పాఠ్యక్రమం అమలైనప్పుడు, తరగతులకు ముందు నెల రోజుల ఫౌండేషన్ కోర్సు పెట్టారు. దాని 175 గంటల పంపకం చూస్తే రాసినవాళ్ల మనసు అర్థమవుతుంది. పరిచయానికి 30 గంటలు, ప్రథమ చికిత్స వంటి నైపుణ్యాలకు 35, ఊళ్లోని ఆరోగ్య కేంద్రం చూడడానికి 8, వృత్తి విలువలకు 40, ఆటపాటలకు 22, భాషకూ కంప్యూటరుకూ 40. భాషకూ కంప్యూటరుకూ కలిపి ఇచ్చిన చోటు వృత్తి విలువలకు ఇచ్చిన చోటుతో సమానం. తరవాతి ఏళ్లలో ఈ కోర్సును కుదించారు గానీ, చదువు మొదలుకాక ముందే మనిషిని సిద్ధం చెయ్యాలన్న ఆలోచన మాత్రం నిలిచింది.

ఇక అసలు పనితనం డిసెక్షన్ హాల్లో, ఎముక చేతికిచ్చేటప్పుడు కనిపిస్తుంది. భుజం నుంచి మోచేతి దాకా ఉండే హ్యూమరస్‌ను తీసుకుందాం. పుస్తకంలో దాని వర్ణన పేజీల కొద్దీ ఉంటుంది. కొత్త విద్యార్థి అదంతా బట్టీ పట్టాలనుకుంటాడు. మంచి ట్యూటర్ పుస్తకం మూయించి ఎముక ఇస్తారు. అడిగేది ఒక్కటే: "ఇది కుడిదా, ఎడమదా?" జవాబుకు మూడు గుర్తులు చాలు. గుండ్రటి తల ఉన్న కొన పైకి ఉండాలి. ఆ తల లోపలి వైపుకి, అంటే శరీరం మధ్యకు తిరిగి ఉండాలి. కింది కొన దగ్గరి లోతైన గుంట వెనక్కి ఉండాలి. ఈ మూడూ కుదిరేలా పట్టుకుని తన చేతి పక్కన పెట్టుకుంటే ఎముక ఏ వైపుదో దానంతటదే తేలిపోతుంది. కిందా పైనా, లోపలా బయటా, ముందూ వెనకా అని మూడు దిక్కుల్లో చూడడం ఆ నిమిషంలో అలవడుతుంది. మిగతా ఎముకలన్నీ అదే చూపుతో చదవొచ్చు. ఒక్క ప్రశ్నతో చదివే పద్ధతినే చేతికివ్వడం మామూలు నేర్పు కాదు.

ఆ తరవాత వచ్చే మెట్టు ఇంకా బాగుంటుంది. "మోచేయి తలుపుకి తగిలి చిటికెన వేలి దాకా జిల్లుమన్నది ఎవరికి?" అని అడిగితే హాలంతా చేతులు లేస్తాయి. లోపలి వైపు ఎముక ఉబ్బు వెనకనుంచి పోయే అల్నార్ నరం అది. పుస్తకం తెరవకముందే ఆ నరం దారి అందరి ఒంటికీ తెలుసు. ట్యూటర్ దానికి పేరు మాత్రం పెట్టారు. అక్కడినుంచి ఎముక వెనకకు తిప్పి ఏటవాలుగా ఉన్న గాడిని వేలితో తడమమంటారు. రేడియల్ నరం పోయే దారి అదే. ఎముక అక్కడ విరిగితే ఆ నరం దెబ్బతిని మణికట్టు వేలాడిపోవచ్చు. పైన మెడ దగ్గర విరిగితే ఆక్సిలరీ నరానికి ప్రమాదం. గాడి, నరం, దెబ్బ, రోగి అని నాలుగు మెట్లలో ఎముక ఆసుపత్రికి చేరింది.

చేతికి వెళ్లే నరాల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్ దగ్గర చాలామంది పిల్లలు బెదురుతారు. బోర్డు మీద ఒక్కసారిగా గీసేస్తే అది చిక్కుముడి. నేర్పున్న ట్యూటర్ రంగు సుద్దలతో అంచెలంచెలుగా గీస్తారు. అయిదు వేళ్లు, మూడు కాండాలు, ఆరు చీలికలు, మూడు తాళ్లు, అయిదు పెద్ద కొమ్మలు. ప్రతి అంచె దగ్గరా ఆగి, పిల్లల చేత కాగితం మీద గీయిస్తారు. మర్నాడు పాఠం ముందు బోర్డు తుడిచి ఎవరో ఒకరిని పిలిచి గియ్యమంటారు. తప్పు గీస్తే ఆ తప్పు ఎక్కడ మొదలైందో చూపించి, అక్కడినుంచే మళ్లీ గీయిస్తారు. మొత్తం చెరిపేయరు. పిల్లల మనసు చిన్నబుచ్చకుండా తప్పు దిద్దే మెలకువ అది.

ఫిజియాలజీ ల్యాబులో రక్తపోటు కొలిచే పాఠంలోనూ ఈ క్రమమే ఉంది. స్టెతస్కోపు చేతికొస్తే వెంటనే చెవిలో పెట్టుకోవాలని ఎవరికైనా ఉంటుంది. ట్యూటర్ ఆపుతారు. ముందు నాడి పట్టుకుని కఫ్‌లో గాలి నింపమంటారు. నాడి ఏ అంకె దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోమంటారు. అక్కడినుంచి ఇంకో 30 మిల్లీమీటర్లు పైకి నింపి, సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున దింపుతూ అప్పుడు వినమంటారు. కారణం ఉంది. కొందరిలో శబ్దం మొదలయ్యాక మధ్యలో కాసేపు వినపడకుండా పోయి, కిందికి దిగాక మళ్లీ వస్తుంది. నాడి చూడకుండా నేరుగా వింటే, ఆ నిశ్శబ్దంలో ఆగి ఎక్కువ రక్తపోటును తక్కువగా రాసేస్తాం. ఈ కారణం అర్థమైన విద్యార్థి ముప్పై ఏళ్ల తరవాత కూడా నాడి పట్టకుండా కొలవడు.

ఈ నేర్పుకు పాఠ్యక్రమంలో ఒక సూత్రం ఉంది. చూపించు, చూడనివ్వు, తోడు చెయ్యనివ్వు, తానే చెయ్యనివ్వు. 2019 పాఠ్యక్రమం అనాటమీలో 409, ఫిజియాలజీలో 137, బయోకెమిస్ట్రీలో 89 సామర్థ్యాలు లెక్కగట్టింది. ఏది తెలిస్తే చాలు, ఏది ఎలాగో తెలియాలి, ఏది చేసి చూపాలి అన్న తేడా కూడా రాసింది. ఆ పట్టిక కాగితం మీద పొడిగా ఉంటుంది. లాగ్‌బుక్‌లో సంతకం పెట్టే ముందు పిల్లవాడి చేతిని నిజంగా చూసే ట్యూటర్ దాన్ని బతికిస్తారు.

భాష దగ్గర మన ప్రాంతపు ట్యూటర్ల పని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంగ్లీషు మాట చెప్పి, దాని పనిని తెలుగులో వివరించి, జవాబు మళ్లీ ఇంగ్లీషులో పలికించడం ఒక దారి. రెండోది దానికి ఎదురుదారి. కడప నుంచో కర్నూలు నుంచో నెల్లిమర్ల వచ్చిన పిల్లకు, ఇక్కడి ముసలమ్మ చెప్పే ఆయాసం, దడ, నీరసం, కళ్లు తిరగడం ఒకదానికొకటి ఎలా వేరో తెలియాలి. పార్వతీపురం ఏజెన్సీ నుంచి వచ్చే రోగికి ఇంట్లో మాట కువి కావచ్చు, సవర కావచ్చు. వినడం నేర్చుకోకుండా వైద్యం నేర్చుకోలేమని మొదటి ఏడాదే చెప్పాలి.

డిసెక్షన్‌కు ఉంచిన మృతదేహం (కెడావర్) ముందు చెప్పే పాఠం వీటన్నిటికన్నా సున్నితం. కెడావర్ మన తొలి గురువు అన్న అంశం విలువల పాఠాల్లో మొదటి ఏడాదిలోనే ఉంది. చాలా కళాశాలల్లో తొలి డిసెక్షన్‌కు ముందు విద్యార్థుల చేత ప్రమాణం చేయిస్తున్నారు. తెలియని పిల్లల చదువుకు తన దేహాన్ని ఇచ్చిన మనిషిని తలచుకుని కత్తి పట్టుకున్న చెయ్యి, రేపు బతికున్న రోగి మీద కూడా జాగ్రత్తగానే ఉంటుంది. ఆ గదిలో కళ్లు తిరిగిన పిల్లను బయట కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, కుదుటపడ్డాక మళ్లీ లోపలికి తీసుకెళ్లే సీనియర్ కూడా పాఠమే చెబుతున్నాడు.

ఈ ఆసరా ఎంత అవసరమో 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం చేసిన సర్వే చెప్పింది. 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు జవాబులిస్తే, 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందన్నారు. ప్రతి కొద్దిమందికీ ఒక అధ్యాపకుడిని మెంటర్‌గా ఉంచడం ఇందుకే. మంచి మెంటర్ మార్కుల కన్నా ముందు హాజరు చూస్తారు. మానేసిన మొదటి వారంలోనే ఫోను చేస్తారు. ఎవరితోనూ చెప్పుకోలేని రాత్రికి టెలీ మానస్ సహాయవాణి 14416 ఉందని ముందే చెప్పి ఉంచుతారు.

మొదటి ఏడాదే పిల్లలు ఊళ్లకు వెళ్తారు. కుటుంబ దత్తత కార్యక్రమంలో ఒక్కొక్కరు మూడు నుంచి అయిదు కుటుంబాలతో బంధం పెట్టుకుని, వాళ్ల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించాలి. ల్యాబులో నేర్చిన రక్తపోటు కొలత ఇక్కడ ఒక ఇంటి అరుగు మీద ఒక తాతగారి చేతికి కడతారు. అక్కడ ట్యూటర్ కొంచెం వెనక నిలబడతారు. ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో తెలియడం ఈ పనితనంలో ఆఖరి మెట్టు.

ఇంత పని చేసే ట్యూటర్లలో చాలామంది ఎంబీబీఎస్ చదివి పీజీ కోసం ఎదురుచూస్తున్న యువ వైద్యులే. సీటు రాగానే వెళ్లిపోతారు. వాళ్ల నేర్పు వాళ్లతోనే పోతుంది. కళాశాలలు ఆ నేర్పును పట్టుకోవాలి. ఏ ప్రశ్నతో మొదలుపెడితే పిల్లలకు వెలిగింది, ఏ మాట తెలుగులో చెబితే అర్థమైంది, ఏ తప్పు ఎక్కువమంది చేశారు అని ప్రతి ట్యూటర్ చేత రాయించి, మరుసటి ఏడాది వచ్చేవారికి అందించాలి. వైద్యుల్ని తయారుచేసే చేతులకు ఆ మాత్రం గౌరవం మన కళాశాలలు బాకీ ఉన్నాయి. ఆ బాకీ తీర్చడానికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక నోటుబుక్కూ ఒక పూటా చాలు.