రెండు ప్రశ్నల కొలబద్ద

రక్తంలో సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్) లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిందా? అల్బుమిన్ లీటరుకు 35 గ్రాముల కన్నా తగ్గిందా? రెంటికీ కాదంటే 0, ఒకదానికి అవునంటే 1, రెంటికీ అవునంటే 2. క్యాన్సర్ రోగుల ఆయుర్దాయాన్ని అంచనా కట్టే గ్లాస్గో ప్రోగ్నాస్టిక్ స్కోరు అంటే ఇంతే. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో డొనాల్డ్ మెక్‌మిలన్, ఆయన సహచరులు 2003లో దీన్ని ప్రచురించారు. ఎన్నిసార్లు చదివినా ఆ పొదుపుకు ముచ్చటేస్తుంది.

మామూలుగా గడ్డ ఎంత పెరిగింది, ఎక్కడెక్కడికి పాకింది అని చూస్తారు. వీళ్లు ఆ గడ్డను మోస్తున్న ఒంటిని కూడా చూశారు. కొందరు రోగుల్లో ఇన్‌ఫ్లమేషన్ నివురుగప్పిన నిప్పులా ఒళ్లంతా సాగుతుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలు అందగానే కాలేయం సీఆర్‌పీ తయారీని అమాంతం పెంచుతుంది, అల్బుమిన్ తయారీని తగ్గిస్తుంది. కండ కరగడం, ఆకలి మందగించడం కూడా ఈ నిప్పుతో ముడిపడినవే.

ఆ రెండు ప్రొటీన్లనే ఎంచుకోవడంలో ఎంతో నేర్పుంది. రెండూ కాలేయంలో పుట్టేవే, కానీ వాటి గడియారాలు వేరు. రక్తంలో సీఆర్‌పీ సగానికి తగ్గడానికి దాదాపు 19 గంటలు పడితే, అల్బుమిన్‌కు దాదాపు 19 రోజులు పడుతుంది. మొదటిది నిన్నటి సెగను చెబుతుంది, రెండోది వారాల తరబడి జరిగిన నష్టాన్ని చెబుతుంది. పైగా కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. న్యుమోనియా రోగుల రక్తంలో సీఆర్‌పీని గుర్తించింది 1930లోనే. మన ఊళ్ల ల్యాబుల్లోనూ ఈ రెండు పరీక్షలూ చేస్తారు.

ఆపరేషన్‌కు వీలుకాని ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 161 మందిలో ఈ స్కోరును పరీక్షించారు. వ్యాధి దశను, రోగి లేచి తిరగగల ఓపికను కలిపి కట్టే అంచనాతో పోల్చి చూస్తే ఇది తీసిపోలేదు. ఓపికను ఒక డాక్టరు ఒకలా, మరొకరు ఇంకోలా అంచనా వేయవచ్చు. ల్యాబు అంకెలో ఆ తేడాకు చోటు తక్కువ.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది తర్వాతి దిద్దుబాటు. సీఆర్‌పీ మామూలుగా ఉండి అల్బుమిన్ ఒక్కటే తగ్గినవాళ్లు అరుదనీ, ఆ తగ్గుదల ఒక్కటే ఆయుష్షు తగ్గడానికి సూచన కాదనీ పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో తేలింది. దాంతో 2007లో అలాంటివారికి 1 బదులు 0 ఇచ్చారు. తాము చేసిన కొలబద్దను తామే మళ్లీ చిత్రిక పట్టారు. 2013 నాటికి ఈ స్కోరు మీద 60కి పైగా అధ్యయనాలు వచ్చాయి, వాటిలోని రోగుల సంఖ్య 30,000 దాటింది.

ఈ పనిముట్టుకు హద్దులూ ఉన్నాయి. ఇన్‌ఫెక్షన్ వచ్చినా సీఆర్‌పీ పెరుగుతుంది కనుక, జ్వరంతో ఉన్న రోజు చేసిన పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. వేలమందిని చూసి కట్టిన లెక్క ఏ ఒక్కరి నుదుటి రాతా కాదు. 2 వచ్చిన మనిషి తిండి, బరువు, నీరసం సంగతి ఆలస్యం చేయకుండా పట్టించుకోవాలని మాత్రం అది గట్టిగా గుర్తుచేస్తుంది. ఆ రెండు అంకెలూ అంతకుముందు కూడా రోగుల ఫైళ్లలో కనిపించేవే. గ్లాస్గో వాళ్లు వాటిని కలిపి చదివారు.